ఆకాశంలో మన అడ్రసు
(విమాన ప్రయాణంలో జి.పి.ఎస్. - పిల్లలకూ, వాళ్ళ పక్క సీట్లో కూర్చునే పెద్దలకూ)

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో బాత్‌రూమ్‌లో ఉండే తూకం మిషను హాల్లోకి వచ్చేస్తుంది. సూట్‌కేసు ఎత్తడం, తూచడం, రెండు పౌండ్లు ఎక్కువైందని చాక్లెట్ల ప్యాకెట్టు తీసి ఇంకోదాంట్లో సర్దడం... ఇదంతా అయ్యాక ఇరవై పైచిలుకు గంటల ప్రయాణం. ఆ ప్రయాణంలో పిల్లలు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండే. "ఇప్పుడు మనం ఎక్కడున్నాం?", "ఇంకా ఎంత దూరం?". పెద్దవాళ్ళ జవాబు కూడా ఒకటే. "పడుకో, వచ్చేస్తుంది!"

ఆ రెండు ప్రశ్నలకూ పిల్లలే స్వయంగా జవాబు కనుక్కోవచ్చు. ముందు సీటు వెనక ఉండే తెర మీద పటం చూపిస్తారు, నిజమే. కానీ అది ఇంకొకరు చెప్పే జవాబు. కిటికీ పక్క సీటూ, చేతిలో ఒక జి.పి.ఎస్. ఉంటే మన జవాబు మనమే తయారు చేసుకోవచ్చు. అయితే ఆ పరికరాన్ని ఎప్పుడు వాడవచ్చు, ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడికి తీసుకెళ్ళకూడదు అన్నవి కూడా తెలిసి ఉండాలి. ఈ వ్యాసం అందుకే. ఒక్క మాట గుర్తుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి: జి.పి.ఎస్. పరికరం వింటుంది, మాట్లాడదు.

నాలుగు గుడి గంటలు

"శాటిలైట్ మనల్ని పైనుంచి చూస్తూ ఉంటుంది, మనం ఎక్కడున్నామో చెబుతుంది" అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. జి.పి.ఎస్. ఉపగ్రహానికి మనం ఉన్నామని కూడా తెలియదు!

ఒక ఉదాహరణ చూద్దాం. మీ అమ్మమ్మగారి ఊళ్ళో వేరువేరు చోట్ల కొన్ని గుళ్ళు ఉన్నాయనుకోండి. సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు అన్ని గుళ్ళలోనూ ఒకేసారి గంట కొడతారు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. మీ చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. రామాలయం గంట ఒక సెకను ఆలస్యంగా వినిపించింది. అంటే రామాలయం 340 మీటర్ల దూరంలో ఉందన్నమాట. శివాలయం గంట రెండు సెకన్లు ఆలస్యంగా వినిపించింది. అంటే అది 680 మీటర్లు. ఊరి పటం తీసుకుని రామాలయం చుట్టూ 340 మీటర్ల వృత్తం, శివాలయం చుట్టూ 680 మీటర్ల వృత్తం గీస్తే, ఆ రెండూ రెండు చోట్ల కలుస్తాయి. మీరు ఆ రెండు చోట్లలో ఒక చోట ఉన్నారు. ఏ చోటో మూడో గుడి గంట తేల్చేస్తుంది. ఇంత లెక్కా చేసినా, గంట కొట్టిన పూజారిగారికి మీరు విన్నారన్న సంగతే తెలియదు కదా!

జి.పి.ఎస్. కూడా ఇంతే. గుళ్ళ బదులు ఉపగ్రహాలు, గంటల బదులు రేడియో తరంగాలు. అమెరికా ప్రభుత్వం నడిపే ఈ ఉపగ్రహాలు కనీసం 24 ఉండాలి, మామూలుగా 30 దాకా పనిచేస్తూ ఉంటాయి. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు దాదాపు రెండుసార్లు భూమిని చుట్టి వస్తాయి. ప్రతిదాంట్లోనూ అణు గడియారాలు ఉంటాయి. "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని అవి ఎడతెగకుండా చెబుతూనే ఉంటాయి. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కాబట్టి, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం మాట మన దగ్గరకు రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి మన పరికరం దూరం లెక్క కడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సెకనులో పది లక్షలో వంతు పొరపాటు జరిగితే దూరం 300 మీటర్లు తప్పిపోతుంది. ఉపగ్రహంలో అణు గడియారం ఉంది సరే, మన చేతిలో ఉన్నది చవక గడియారమే కదా? అందుకే ఇంకొక ఉపగ్రహాన్ని కూడా వింటారు. ఉత్తర దక్షిణాలు, తూర్పు పడమరలు, ఎత్తు, మన గడియారంలో ఉన్న తప్పు - తెలియనివి నాలుగు. కాబట్టి సమీకరణాలూ నాలుగు కావాలి, ఉపగ్రహాలూ కనీసం నాలుగు కావాలి. ఎనిమిదో తరగతి పిల్లలు "ఆల్జీబ్రా ఎందుకు పనికొస్తుంది?" అని అడిగితే ఈ లెక్క చూపించవచ్చు.

ఇంకొక చిత్రం. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి గడియారం కొంచెం త్వరగా నడుస్తుంది. వేగంగా తిరుగుతోంది కాబట్టి కొంచెం నెమ్మదిగానూ నడుస్తుంది. కూడికలు, తీసివేతలు పోను రోజుకు సెకనులో పది లక్షల వంతులు 38 చొప్పున ముందుకు పోతుంది. దాన్ని సరిచేయకపోతే తప్పు రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున పెరిగిపోతుంది. నల్లబల్ల మీద రాసిన సిద్ధాంతం మన కారును సరైన వీధిలోకి తిప్పుతోందంటే ఆశ్చర్యమే!

వినేదానికి కూడా అనుమతి ఎందుకు?

"ఇది వినడమే తప్ప మాట్లాడదు కదా, విమానంలో వాడితే ఎవరికి నష్టం?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న.

రేడియో వినే యంత్రాలు చాలావాటిలో ఒక చిన్న తరంగం లోపలే పుడుతుంది. బయటి తరంగాన్ని దానితో కలిపితేనే మాట విడివడి వినిపిస్తుంది. అంటే వినే యంత్రం కూడా లోలోపల కాస్త గొణుగుతుంది. మామూలు ఎఫ్.ఎం. రేడియోలో 98 మెగాహెర్ట్‌జ్ స్టేషను పెడితే, లోపల పుట్టే తరంగం 108.7 మెగాహెర్ట్‌జ్. విమానాలకు దారి చూపే వి.ఓ.ఆర్. అనే నేలమీది రేడియో కేంద్రాలు వాడేది 108 నుంచి 118 మెగాహెర్ట్‌జ్. చూశారా! పాటలు వినడానికి తెచ్చుకున్న రేడియో సరిగ్గా పైలట్ చెవి దగ్గర గొణుగుతోందన్నమాట. 1960ల నాటికే ఈ సమస్య మీద పరీక్షలు జరిగాయి, నిబంధనలూ వచ్చాయి.

ఆ నిబంధన అమెరికాలో ఈనాటికీ ఉంది. అందులో వినికిడి యంత్రం, గుండెకు పెట్టే పేస్‌మేకర్, మాటలు రికార్డు చేసే యంత్రం, గడ్డం గీసుకునే ఎలక్ట్రిక్ షేవర్ వగైరాలను పేరు పెట్టి అనుమతించారు. జి.పి.ఎస్. పేరు లేదు! పేరు లేనివాటి విషయంలో "మా విమానానికి దీనివల్ల ఇబ్బంది లేదు" అని తేల్చవలసింది విమాన సంస్థ. 2013 అక్టోబర్ 31న అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ., సరైన పరీక్షలు చేసుకున్న విమాన సంస్థలు చిన్న పరికరాలను గేటు నుంచి గేటు దాకా అనుమతించవచ్చని ప్రకటించింది. 2014లో భారతదేశంలోని డి.జి.సి.ఏ. కూడా ఫ్లైట్ మోడ్‌లో పెట్టిన పరికరాలను ప్రయాణం పొడుగునా వాడుకోవడానికి వీలు కల్పించింది.

ఈ కారణంగా ఒక విమాన సంస్థలో సరే అన్నది ఇంకో దాంట్లో వద్దనవచ్చు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పరికరాల జాబితా ఉంటుంది. లేకపోతే విమాన సిబ్బందిని మర్యాదగా అడగండి. "ఆంటీ, ఇది వినడం మాత్రమే చేస్తుంది, వాడుకోవచ్చా?" అని ఒక చిన్న పిల్ల అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. వద్దంటే మాత్రం వెంటనే ఆపేసి బ్యాగులో పెట్టేయాలి. భౌతికశాస్త్రం మన పక్షాన ఉన్నా సరే! విమానంలో సిబ్బంది మాట వినడం చట్టం. వాదించి గెలవవలసిన చోటు అది కాదు.

విమానం ఎక్కేముందు

ఉపగ్రహం పంపే శక్తి సుమారు ఒక మామూలు ఇంటి బల్బంత. అది ఇరవై వేల కిలోమీటర్లు దాటి మన దగ్గరకు వచ్చేసరికి ఎంత మిగులుతుందో తెలుసా? ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ వంద ముక్కలు చేస్తే, ఒక ముక్కంత! అల్యూమినియం రేకు దాన్ని తేలిగ్గా ఆపేస్తుంది. కాబట్టి మధ్య సీట్లో కూర్చుంటే జి.పి.ఎస్.కు పెద్దగా ఏమీ వినపడదు. కిటికీ పక్క సీటు కావాలి, పరికరాన్ని కిటికీ అద్దానికి దగ్గరగా పట్టుకోవాలి. అప్పుడు కూడా ఆకాశంలో సగమే కనిపిస్తుంది. అవతలి వైపు ఉపగ్రహాలు విమానం చాటున ఉండిపోతాయి. అందుకని నేలమీద కన్నా తప్పు ఎక్కువగా ఉంటుంది. పది కిలోమీటర్ల ఎత్తున వెళుతున్న మనకు ఆ తేడాతో పనిలేదు.

ఇంకొన్ని చిట్కాలు:

1. విమానం గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడే పరికరాన్ని ఆన్ చేసి చోటు పట్టుకోనివ్వండి. ప్రతి ఉపగ్రహం తాను ఎక్కడ ఉన్నదీ వివరంగా చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది. మధ్యలో మాట తెగితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఉపగ్రహాలన్నిటి జాబితా వినాలంటే పన్నెండున్నర నిమిషాలు కావాలి. గంటకు 500 మైళ్ళ వేగంతో పోతూ, చిన్న కిటికీలోంచి మొదటిసారి వెతుక్కోవడం కష్టం.

2. ఫోన్ వాడేవాళ్ళు విమానం మోడ్‌లో పెట్టాలి. ఇప్పటి ఫోన్లు చాలావాటిలో విమానం మోడ్ పెట్టినా జి.పి.ఎస్. పనిచేస్తూనే ఉంటుంది. ఫోన్‌కు నోరు మూతపడుతుంది, చెవి తెరిచే ఉంటుంది. అయితే మామూలుగా ఉపగ్రహాల వివరాలను సెల్ టవర్ నుంచి చప్పున తెచ్చుకునే ఫోన్ ఇప్పుడు తానే విని తెలుసుకోవాలి కాబట్టి ఓపిక పట్టాలి.

3. పటాలు ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి. పటం లేకపోతే ఖాళీ తెర మీద ఒక నీలం చుక్క మాత్రమే కనిపిస్తుంది.

4. కారులో వాడే గార్మిన్ వంటి పరికరమైతే, చోటును రోడ్డుకు అతికించే సెట్టింగ్ తీసేయండి. లేకపోతే పాపం అది మనం ఏదో హైవే మీద 540 మైళ్ళ వేగంతో పోతున్నామనుకుని, ప్రతి ఎగ్జిట్ దగ్గరా దారి మార్చమని బతిమాలుతుంది! దిగాక ట్రిప్ లెక్కలు సున్నా చేయడం మరిచిపోవద్దు. లేదంటే మన మినీవ్యాన్ గరిష్ఠ వేగం 540 అని శాశ్వతంగా ఉండిపోతుంది.

5. దారి గుర్తుపెట్టుకునే జ్ఞాపకశక్తికి హద్దు ఉంటుంది. కొన్ని పాత పరికరాల్లో అది పదివేల చుక్కలు. సెకనుకో చుక్క పెడితే మూడు గంటలు నిండకుండానే అయిపోతుంది. పది సెకన్లకు ఒకటి పెడితే 27 గంటలు సరిపోతుంది.

6. విడి బ్యాటరీలు చేతి సామానులోనే ఉంచండి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు.

తెర మీది అంకెలు

పరికరం చోటు పట్టుకున్నాక రెండు అంకెలు చూపిస్తుంది. మొదటిది అక్షాంశం, అంటే భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నాం. రెండోది రేఖాంశం, అంటే లండన్‌లోని గ్రీనిచ్ గుండా పోయే రేఖకు ఎంత తూర్పున ఉన్నాం. పడమరన ఉంటే మైనస్ గుర్తు వస్తుంది. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17.2, 78.4. విజయవాడ 16.5, 80.6. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.6, మైనస్ 122.4. న్యూజెర్సీ నూవర్క్ 40.7, మైనస్ 74.2. భారతదేశం గడియారాన్ని నిర్ణయించే రేఖ 82.5. అది మన కాకినాడ దగ్గరగా పోతుంది. అక్షాంశం ఒక డిగ్రీ మారిందంటే 111 కిలోమీటర్లు జరిగినట్టు.

వేగం చూడండి. గంటకు 500 మైళ్ళంటే సెకనుకు 220 మీటర్లకు పైనే. మీరు "ఒకటి" అనేలోపు రెండు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాలు దాటేస్తున్నారు. ఇది నేలతో పోల్చిన వేగం. ఇంజన్లు అంతే పనిచేసినా పై గాలి తోస్తే ఇది పెరుగుతుంది, ఎదురైతే తగ్గుతుంది. అమెరికా పైన ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి, దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు, వీస్తూ ఉంటుంది. కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీకి వచ్చేటప్పుడూ, తిరిగి వెళ్ళేటప్పుడూ తెరమీది వేగం రాసుకుని పోల్చండి. టికెట్ మీద పోయే సమయం, వచ్చే సమయం వేరుగా ఎందుకుంటాయో తెలిసిపోతుంది.

ఎత్తు దగ్గర మాత్రం జాగ్రత్త. పైలట్ "35,000 అడుగుల ఎత్తులో ఉన్నాం" అంటారు, మీ జి.పి.ఎస్. 36,500 అనవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! విమానం తన ఎత్తును బయటి గాలి ఒత్తిడిని బట్టి కొలుస్తుంది. ఆ ఎత్తున ఎగిరే విమానాలన్నీ ఒకే కొలబద్ద వాడతాయి కాబట్టి ఒకదానికొకటి తగలవు. వేసవిలో గాలి వేడెక్కి ఉబ్బుతుంది, దాంతో అసలు ఎత్తు ఆ అంకె కన్నా ఎక్కువ ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, కొన్ని పరికరాల్లో గాలి ఒత్తిడిని కొలిచే భాగం కూడా ఉంటుంది. అది 6,000 నుంచి 8,000 అడుగులే చూపిస్తుంది. ఎందుకంటే మనం ఊపిరి పీల్చుకోవడానికి వీలుగా విమానం లోపల గాలిని అంత ఎత్తున ఉండే ఒత్తిడిలో ఉంచుతారు. పరికరం కొలిచింది విమానం లోపలి గాలిని!

దారం, గ్లోబు, ఉత్తర ధ్రువం

"అమెరికా నుంచి ఇండియాకు తూర్పుగా పోవాలా, పడమరగా పోవాలా?" అని గోడమీది పటం చూసి పిల్లలు అడుగుతారు. గ్లోబు తీసుకోండి. ఒక దారం కొనను హైదరాబాద్ మీద నొక్కిపట్టి, రెండో కొనను మీ ఊరి మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం తూర్పుకూ, పడమరకూ కాదు, ఉత్తరానికి పోతుంది!

దేశంలోపలి ప్రయాణంలో కూడా దీన్ని చూడవచ్చు. న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియాకు పోతుంటే నెబ్రాస్కా, దక్షిణ డకోటా ప్రాంతంలో రేఖాంశం మైనస్ 101.5 అవుతుంది. దానికి 180 కలిపితే 78.5, అంటే హైదరాబాద్ రేఖ. ఆ క్షణాన మీరు హైదరాబాద్‌కు సరిగ్గా భూగోళం అవతలి రేఖ మీద ఉన్నారు. మీకు సూర్యుడు నడిమింట ఉంటే తాతయ్యగారికి నడిరాత్రి. అక్కడి నుంచి తాతయ్యగారి ఊరికి అన్నిటికన్నా దగ్గర దారి - నేరుగా ఉత్తరానికి వెళ్ళి, ధ్రువం దాటి, నేరుగా దక్షిణానికి దిగడం.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటి నాన్-స్టాప్ విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరింది. దాన్ని నడిపినవారు నలుగురు మహిళా పైలట్లు: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. గ్లోబు మీద కొలిస్తే ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. జనవరి 9 రాత్రి బయలుదేరి, పదిహేడు గంటల దాకా ఎగిరి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. అలాంటి ప్రయాణంలో జి.పి.ఎస్. చూస్తూ ఉంటే "ఉత్తరం, ఉత్తరం" అంటూ వచ్చిన పరికరం, విమానం మలుపు తిరగకుండానే "దక్షిణం" అంటుంది. ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా దక్షిణమే కదా!

జి.పి.ఎస్. ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీలు వంగి ఉంటాయి. కాబట్టి ధ్రువం దగ్గర అవి నడినెత్తికి రావు, ఆకాశంలో కిందుగానే తిరుగుతాయి. విమానం కిటికీలోంచి చూసేవాళ్ళకు ఇది ఒకరకంగా అనుకూలమే.

దొంగ గంటలు

వినే యంత్రానికి ఒక బలహీనత ఉంది. ఎవరైనా పక్కనే డప్పు కొడితే గుడిగంట వినపడదు. ఇంకా తెలివైనవాడు అచ్చం గుడిగంటలాంటి దొంగ గంటను వేరే చోట, వేరే సమయంలో కొడితే? మీ లెక్క సరిగ్గానే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది. మొదటిదాన్ని జామింగ్ అనీ, రెండోదాన్ని స్పూఫింగ్ అనీ అంటారు. యుద్ధాలు జరుగుతున్న చోట్ల ఈ రెండూ ఉన్నాయి. 2022 నుంచి నల్లసముద్రం, బాల్టిక్ ప్రాంతాల్లోనూ, 2023 నుంచి ఇరాక్, ఇరాన్ సరిహద్దుల్లోనూ విమానాల జి.పి.ఎస్. తప్పు చోటు చూపించిందని పైలట్లు తెలియజేశారు. గల్ఫ్ మీదుగా ఊరికి వెళ్ళే మన కుటుంబాలకు ఇవి దూరపు పేర్లు కావు. కిటికీ దగ్గర మీ చుక్క ఉన్నట్టుండి వందల మైళ్ళ అవతలికి గెంతితే పరికరం చెడిపోయిందనుకోకండి, భయపడకండి. విమానంలో జి.పి.ఎస్. ఒక్కటే ఉండదు. బయటి మాట ఏదీ వినకుండా, తన కదలికలను తానే కొలుచుకునే ఇనర్షియల్ పరికరాలుంటాయి, నేలమీది రేడియో కేంద్రాలుంటాయి. ఒకటి చెప్పినదాన్ని ఇంకొకదానితో సరిపోల్చి చూసుకోవడం పైలట్ల పని.

ఆ సరిపోల్చడం ఎంత ముఖ్యమో 1983 చెబుతుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 1న న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్ వెళుతున్న కొరియన్ విమానం 007 దారి తప్పి వందల కిలోమీటర్లు పక్కకు జరిగి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చివేసింది. 269 మంది చనిపోయారు. తాము ఎక్కడున్నామో ఆ పైలట్లకు తెలియలేదు. ఆ నెలలోనే అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం, అప్పటిదాకా సైన్యం కోసం తయారవుతున్న జి.పి.ఎస్.ను పూర్తయ్యాక ప్రపంచమంతటా పౌరవిమానాలకు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. 1995లో ఆ వ్యవస్థ పూర్తిగా సిద్ధమయింది. మామూలు జనానికి కావాలని కలిపిన తప్పును 2000 మే నెలలో తీసేశారు. మన చేతిలో ఉన్న ఈ చిన్న చుక్క వెనక అంత మంది ప్రాణాల కథ ఉంది.

ఇండియాకు ఏది తీసుకెళ్ళాలి?

ఇది పెద్దలు తప్పక చదవవలసిన భాగం. శాటిలైట్ ఫోన్లూ, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే హైకింగ్ పరికరాలూ మాట్లాడే యంత్రాలు. భారతదేశంలో టెలికం శాఖ అనుమతి లేకుండా వాటిని వెంట ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబర్‌లో గోవా విమానాశ్రయంలో అలాంటి హైకింగ్ పరికరంతో వచ్చిన విదేశీ ప్రయాణికురాలిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. "నా దగ్గర ఉన్నది వినేదే కదా" అనుకోవడానికీ వీల్లేదు. 2025 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన ప్రయాణ సూచనలో శాటిలైట్ ఫోనే కాదు, జి.పి.ఎస్. పరికరాన్ని కూడా ఇండియాకు తీసుకెళ్ళవద్దనీ, పెద్ద జరిమానా గానీ జైలు గానీ పడవచ్చనీ రాశారు. కస్టమ్స్ కౌంటర్ దగ్గర వినే పెట్టె, మాట్లాడే పెట్టె ఒకేలా కనిపిస్తాయి.

కాబట్టి విడి జి.పి.ఎస్. పరికరాన్ని అమెరికాలోపలి ప్రయాణాలకు ఉంచుకోండి. ఇండియా ప్రయాణానికి విమానం మోడ్‌లో పెట్టిన మామూలు ఫోన్ చాలు. హైకింగ్ బ్యాగులోనే సామాను సర్దుకునేవాళ్ళు జేబులన్నీ ఒకసారి వెతికి చూసుకోండి.

మన ఊరి గడియారాలు

చివరగా ఒక మంచి కబురు. ఆకాశంలో గంటలు కొట్టేది అమెరికా ఒక్కటే కాదు. రష్యా, యూరప్, చైనాలకూ తమ ఉపగ్రహాలున్నాయి. భారతదేశం కూడా నావిక్ అనే సొంత వ్యవస్థ కోసం 2013 జూలై నుంచి 2016 ఏప్రిల్ దాకా ఏడు ఉపగ్రహాలను పంపింది. ఏడూ బయలుదేరింది మన శ్రీహరికోట నుంచే! తర్వాత వాటిలో కొన్నిటి అణు గడియారాలు పాడయ్యాయి. అవి దిగుమతి చేసుకున్నవి. 2023 మే 29న శ్రీహరికోట నుంచే వెళ్ళిన కొత్త ఉపగ్రహంలో మొదటిసారిగా భారతదేశంలో తయారైన అణు గడియారం పెట్టారు. విమానాల కోసం జి.పి.ఎస్. తప్పులను సరిదిద్దే గగన్ అనే వ్యవస్థ కూడా ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి తయారు చేశాయి. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఇండిగో విమానం దాని సాయంతో దిగింది.

పిల్లలూ! ఈ సెలవుల్లో ప్రయాణంలో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. గంటకోసారి అయిదు గళ్ళు నింపండి: సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం, దిక్కు. దిక్కును తెలుగులోనే రాయండి. తూర్పు, ఆగ్నేయం, దక్షిణం, నైరుతి, పడమర, వాయవ్యం, ఉత్తరం, ఈశాన్యం. ఎనిమిది దిక్కులకూ మనకు ఎనిమిది విడి పేర్లున్నాయి! అక్కడ కిటికీలోంచి కనిపించినది ఒక వాక్యంలో రాయండి: మంచు, నది, ఎడారి, ఊరి దీపాలు, ఏదైనా సరే. ఊరు చేరాక ఆ చుక్కలన్నీ తాతయ్యగారి దగ్గర కూర్చుని పటం మీద కలపండి. వారికి మన ఇల్లు ఎంత దూరమో ఆ గీత చెబుతుంది. సెలవులయ్యాక ఆ పుస్తకాలు బడికి తీసుకురండి, అందరి దారులూ ఒకే గ్లోబు మీద గీద్దాం.

అందరికీ శుభ ప్రయాణం!